పాత కారుకు కొత్త ఇంజను

బక్కచిక్కిన ఎద్దులను విప్పి వాటి స్థానంలో బలమైన గిత్తలను కట్టదలచిన రైతు ముందుగా కాడిని చూస్తాడు, మోకులను చూస్తాడు, ఇరుసును ఒకసారి ఊపి చూస్తాడు. గిత్తల బలం బండిని లాగడానికి ఎంత పనికివస్తుందో, విరవడానికీ అంతే పనికివస్తుందని అతనికి తెలుసు. పాత మోటారు కారులో కొత్త ఇంజను అమర్చదలచినవారిలో చాలామంది ఈ మాత్రం జాగ్రత్త కూడా తీసుకోరు. ఇంజను గుర్రపుబలం ఎంత, ధర ఎంత, బానెట్టు కింద పడుతుందా అని మాత్రమే విచారిస్తారు. ఆ మూడు ప్రశ్నలకూ సమాధానం దొరికిన తరువాతనే అసలు చిక్కులు మొదలవుతాయి.

ఈ విషయాన్ని పరిశీలించడానికి మన దేశంలో అంబాసిడరు కారును మించిన ఉదాహరణ లేదు. ఇంగ్లండులోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడవ శ్రేణి కారు నమూనాగా, కలకత్తా సమీపాన ఉత్తరపాడాలో హిందుస్థాన్ మోటార్స్ వారు 1957-58లో దీని తయారీ ప్రారంభించి 2014 మే నెల వరకు కొనసాగించారు. ఇంత దీర్ఘకాలంలో కారు ఆకారం పెద్దగా మారలేదు గాని, లోపలి ఇంజను పలుమార్లు మారింది. మొదట 1476 ఘన సెంటీమీటర్ల సైడ్ వాల్వు ఇంజను ఉండేది. 1959లో దాని స్థానంలో 1489 ఘన సెంటీమీటర్ల ఓవర్‌హెడ్ వాల్వు ఇంజను వచ్చింది. 1980 ప్రాంతంలో అదే పరిమాణం గల డీసెలు ఇంజను, 1990ల మొదట్లో జపానుకు చెందిన ఇసుజు సంస్థ రూపొందించిన 1817 ఘన సెంటీమీటర్ల పెట్రోలు ఇంజను చేరినవి. డీసెలు ఇంజనుది 37 అశ్వశక్తులు, పాత పెట్రోలు ఇంజనుది 55, ఇసుజుది 75. ఒకే దేహంలో ఇన్ని బలాలు గల గుండెలు కొట్టుకున్నవన్నమాట.

ఇవి కర్మాగారం చేసిన మార్పులు. వీధిలోని మెకానిక్కులు చేసినవి వేరు. పెట్రోలు ఖర్చు భరించలేని టాక్సీ యజమానులు మాటడోరు వ్యాను డీసెలు ఇంజనును తెచ్చి అంబాసిడరులో బిగించుకొనే పద్ధతి ఒకప్పుడు దక్షిణాదిన బాగా వాడుకలో ఉండేది. రైల్వే వర్క్‌షాపు, కంటోన్మెంటు గల సికిందరాబాదు వంటి ఊరిలో యంత్రం పనివారికి కొరత లేదు. రాణీగంజ్ అంగళ్ళలో బేరింగులకు, మోటారు విడిభాగాలకు కొరత లేదు. అయితే అంగడిలో దొరకే ప్రతి భాగమూ మంచిదే కావచ్చును. పక్క భాగంతో పొసగడం వేరే గుణం.

రెండు ఇంజన్ల తేడా

పాత పెట్రోలు ఇంజను సిలిండరు లోపలి వ్యాసం 73 మిల్లీమీటర్లకు కొంచెం పైన. పిస్టను ప్రయాణించే దూరం 88.9 మిల్లీమీటర్లు. ఇసుజు ఇంజనులో వ్యాసం 84, ప్రయాణం 82 మిల్లీమీటర్లు. విద్యార్థులు స్తూపం ఘనపరిమాణ సూత్రంలో ఈ అంకెలను ప్రతిక్షేపించి నాలుగుతో గుణిస్తే పైన చెప్పిన 1489, 1817 వస్తవి. మొదటిది సన్నగా పొడవైన సిలిండరు, రెండవది వెడల్పుగా పొట్టిది. పిస్టను తక్కువ దూరం పోయి తిరిగి రావలసి ఉన్నప్పుడు అది నిమిషానికి ఎక్కువసార్లు తిరగగలదు. కాబట్టి కొత్త ఇంజను బలంలో కొంత భాగం పరిమాణం నుండి, కొంత భాగం వేగం నుండి వస్తుంది. వేగం నుండి వచ్చిన బలాన్ని వాడుకోవలెనంటే తగిన గేర్లు కావలెను. హిందుస్థాన్ మోటార్స్ వారు ఇసుజు ఇంజనును ఒంటరిగా తేలేదు. నాలుగు వేగాల పాత గేరుపెట్టెను తీసివేసి, దానితోపాటు అయిదు వేగాల గేరుపెట్టెను కూడా అమర్చినారు. ఈ చిన్న విషయంలో చాలా శాస్త్రమున్నది.

అతుకు ఎక్కడ వేయవలెను?

ఇంజను నుండి చక్రం వరకు బలం ఒక గొలుసు వెంట ప్రయాణిస్తుంది: క్రాంకు షాఫ్టు, ఫ్లైవీలు, క్లచ్చి, గేరుపెట్టె, ప్రొపెల్లరు షాఫ్టు, వెనుక ఇరుసులోని డిఫరెన్షియలు, చక్రం. కొత్త ఇంజను ఒక కుటుంబానిది, పాత ఇరుసు మరొక కుటుంబానిది అయినప్పుడు ఈ గొలుసులో ఎక్కడో ఒకచోట రెండు కుటుంబాలకు వియ్యం కుదర్చక తప్పదు. ఆ అతుకు ఎక్కడ వేయాలన్నదే ఈ పనిలో ముఖ్యమైన నిర్ణయం.

డబ్బు మిగులుతుందన్న ఆశతో కొందరు పాత గేరుపెట్టెను ఉంచి, కొత్త ఇంజనును మాత్రం దానికి తగిలిస్తారు. అప్పుడు అతుకు క్లచ్చి దగ్గర పడుతుంది. మొత్తం గొలుసులో ఇంత సున్నితమైన స్థలం మరొకటి లేదు. గేరుపెట్టె నుండి ముందుకు చొచ్చుకొని వచ్చే ఇరుసు కొన క్రాంకు షాఫ్టు వెనుక చివర ఉన్న చిన్న బుష్షులో కూర్చుంటుంది. దాని మీది గాళ్ళ వెంట క్లచ్చి పలక జారుతుంది. గాళ్ళ సంఖ్య, వాటి లోతు, ఇరుసు పొడవు, బుష్షు లోపలి వ్యాసం అన్నీ ఆ గేరుపెట్టెకు తగినవిగా ఉండవలెను. ఫ్లైవీలు, దాని చుట్టూ ఉన్న పళ్ళకమ్మి మాత్రం ఇంజనుకు తగినవి కావలెను. స్టార్టరు మోటారు చిన్న పళ్ళచక్రం మళ్ళీ ఆ పళ్ళకమ్మికి సరిపోవలెను. పళ్ళ పరిమాణంలో స్వల్పమైన తేడా ఉన్నా స్టార్టరు కొన్నాళ్ళు తిరుగుతుంది, గరగరమంటుంది, చివరకు కమ్మి పళ్ళను నమిలివేస్తుంది.

వీటన్నిటికంటె కష్టమైనది కేంద్రం కలపడం. ఇంజనుకు, గేరుపెట్టెకు నడుమ లేత్ మిషను మీద చేయించిన ఒక ఇనుప పలకను పెట్టి రెండింటినీ బోల్టులతో కలుపుతారు. ఈ పలకలోని రంధ్రాలు అనుకున్న చోటు నుండి ఏమాత్రం జరిగినా, క్రాంకు షాఫ్టు అక్షం, గేరుపెట్టె ఇరుసు అక్షం ఒకే గీతలో ఉండవు. ఈ తేడా మిల్లీమీటరులో పదోవంతు మించకుండా ఉండడం మంచిది. అంటే దాదాపు ఒక వెంట్రుక మందం. అంతకు మించితే ఇరుసు ప్రతి చుట్టులోనూ బుష్షును ఒకసారి పక్కకు నెడుతుంది. నిమిషానికి 3000 చుట్ల వేగంలో ఒక గంట ప్రయాణిస్తే లక్షా ఎనభై వేల నెట్టుడులు! బేరింగు అరిగిపోవడంలో, గేరు తనంతట తాను జారిపోవడంలో వింత ఏమున్నది? నిపుణుడైన పనివాడు ఫ్లైవీలు మీద డయలు గేజిని నిలిపి, దాని ముల్లును గేరుపెట్టె కూర్చునే వలయం అంచుకు ఆనించి, ఇంజనును చేతితో ఒక చుట్టు తిప్పి చూస్తాడు. ముల్లు కదలని మేరకు పని బాగున్నట్లు. ఈ పరీక్షకు పావుగంట చాలును. దీన్ని ఎగవేసినవారు గేరుపెట్టెను మళ్ళీ మళ్ళీ దించుకుంటూ ఉంటారు.

ఇంజనుతోపాటు దాని గేరుపెట్టెనే తెచ్చుకొంటే పైన చెప్పిన భాగాలన్నీ ఒకే కుటుంబానివి అవుతవి. అతుకు వెనక్కు జరిగి ప్రొపెల్లరు షాఫ్టు దగ్గర పడుతుంది. అక్కడ రెండు కొలతలు మాత్రమే ముఖ్యం: షాఫ్టు పొడవు, దాని చివర ఫ్లాంజికి ఉండే బోల్టుల అమరిక. ఈ రెండింటినీ సాధారణమైన వర్క్‌షాపు కూడా సరిచేయగలదు. షాఫ్టును కోసి, వెల్డు చేసి, తూకం సరిచూసి ఇస్తారు. కర్మాగారం వారు గేరుపెట్టెతో సహా మార్చడంలోని విజ్ఞత ఇది. ఖర్చు మొదట ఎక్కువగా కనిపిస్తుంది, అంతే.

అయితే షాఫ్టు విషయంలో పొడవు సరిపోతే చాలదు, కోణమూ సరిపోవలెను. ప్రొపెల్లరు షాఫ్టు రెండు చివరల ఉండే యూనివర్సల్ జాయింటులో ఒక చిత్రమైన గుణమున్నది. వంకరగా ఉన్న జాయింటు గుండా పోయిన తిరుగుడు సమవేగంతో బయటికి రాదు. వంపు కోణం 10 డిగ్రీలైతే, దాని కొసైను 0.985 కనుక, బయటి షాఫ్టు ఒకే చుట్టులో రెండుసార్లు సుమారు ఒకటిన్నర శాతం మందగించి, రెండుసార్లు అంతే మేరకు వేగిరపడుతుంది. వెనుక జాయింటు కూడా సరిగా అంతే కోణంలో ఉండి, షాఫ్టు రెండు చివరి కవలు ఒకే తలంలో ఉంటే, మొదటిది చేసిన తప్పును రెండవది దిద్దుతుంది. కొత్త గేరుపెట్టెను మౌంటింగుల మీద కూర్చోబెట్టేటప్పుడు దాని తోక కిందికి వాలినా పైకి లేచినా ఈ సమానత్వం చెడిపోతుంది. షాఫ్టు సెకండుకు 50 చుట్లు తిరుగుతుంటే, సెకండుకు 100 కుదుపులు పుట్టి కారు నేల అంతా జుమ్మని మోగుతుంది. యజమాని చక్రాల తూకం చూపించుకుంటాడు, టైర్లు మార్చుకుంటాడు. లోపం మాత్రం మౌంటింగు కింద పెట్టవలసిన ఒక బిళ్ళలో ఉంటుంది.

గేర్ల లెక్క

కారు చక్రం చుట్టుకొలత సుమారు రెండు మీటర్లు, వెనుక ఇరుసులోని పళ్ళచక్రాల నిష్పత్తి 4.5 అనుకొందాం. గంటకు 80 కిలోమీటర్ల వేగంలో చక్రం నిమిషానికి 667 చుట్లు తిరుగుతుంది, దాన్ని 4.5తో గుణిస్తే షాఫ్టు 3000 చుట్లు. నాలుగవ గేరులో ఇంజను, షాఫ్టు కలిసి తిరుగుతవి కాబట్టి ఇంజనుకూ 3000 చుట్లే. 0.85 నిష్పత్తి గల అయిదవ గేరు ఉంటే ఇంజను 2550 చుట్లతో అదే వేగం ఇస్తుంది. చప్పుడు తగ్గుతుంది, ఇంధనమూ తగ్గుతుంది.

ఇప్పుడు నిమిషానికి 2500 చుట్లకు మించి తిరగరాని బరువైన పారిశ్రామిక డీసెలు ఇంజనును ఎవరైనా ఈ కారులో పెట్టారనుకొందాం. నాలుగవ గేరులో దాని గరిష్ఠ వేగం గంటకు 67 కిలోమీటర్ల దగ్గర ఆగిపోతుంది. ఎన్ని అశ్వశక్తులున్నా ప్రయోజనం లేదు. దీనికి విరుగుడుగా 3.9 నిష్పత్తి గల ఇరుసు వేస్తే వేగం పెరుగుతుంది గాని, మరొక చిక్కు వస్తుంది. స్పీడామీటరు తీగె గేరుపెట్టె తోక నుండి బయలుదేరుతుంది. అది లెక్కించేది షాఫ్టు చుట్లనే. ఇరుసు మారిన సంగతి దానికి తెలియదు. కారు నిజంగా 80లో పోతుంటే ముల్లు 69 చూపుతుంది. ఇటువంటి కారు నడిపేవాడు తాను నెమ్మదిగా పోతున్నాననే నమ్మకంతో వేగంగా పోతుంటాడు. కాబట్టి స్పీడామీటరును తిప్పే చిన్న పళ్ళచక్రాన్ని కూడా ఇరుసుకు తగినట్లు మార్చవలెను.

టార్కు, అనగా తిప్పుడు బలం, మరొక లెక్క. 75 అశ్వశక్తులు నిమిషానికి 5000 చుట్ల వద్ద వస్తే, ఆ క్షణాన టార్కు సుమారు 107 న్యూటను మీటర్లు. మొదటి గేరులో గేరుపెట్టె 3.8 రెట్లు, ఇరుసు 4.5 రెట్లు పెంచితే వెనుక ఇరుసుకు చేరేది 1800 న్యూటను మీటర్లకు పైమాటే. పాత ఇంజను కోసం చేసిన సగం ఇరుసులు, వాటి గాళ్ళు, కీలకాలు ఈ బరువును మోయగలవా అన్నది ముందే చూసుకోవలెను. క్లచ్చి పలక వ్యాసం, స్ప్రింగుల ఒత్తిడి కూడా కొత్త టార్కుకు తగినవిగా ఉండవలెను. లేకపోతే ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజను అరుస్తుంది, కారు కదలదు, క్లచ్చి కాలిన వాసన వస్తుంది.

మే నెల పరీక్ష

పెట్రోలు ఇంజను తాగిన ఇంధనంలోని వేడిలో సుమారు నాలుగో వంతు పనిగా మారుతుంది. ఇంచుమించు అంతే వేడి నీటిలోకి పోతుంది; మిగిలినది పొగగొట్టం పాలు. 75 అశ్వశక్తులంటే 56 కిలోవాట్లు. పూర్తి బలంతో నడిచేటప్పుడు రేడియేటరు వదిలించుకోవలసిన వేడి దాదాపు అంతే. ఇళ్ళలో నీళ్ళు కాచుకునే రెండు కిలోవాట్ల హీటర్లు 28 కలిసి ఇచ్చే వేడి అది. పాత 55 అశ్వశక్తుల ఇంజనుకు ఇరవై హీటర్ల వేడిని మోయగల రేడియేటరు చాలేది.

దీనికి మన వాతావరణం తోడు. రేడియేటరు వదిలే వేడి నీటికి, గాలికి మధ్య ఉన్న ఉష్ణోగ్రత తేడాపై ఆధారపడుతుంది. నీరు 95 డిగ్రీలలో, గాలి 20 డిగ్రీలలో ఉంటే తేడా 75. సికిందరాబాదులో మే నెల మధ్యాహ్నం గాలి 42 డిగ్రీలకు చేరితే తేడా 53 మాత్రమే. అదే రేడియేటరు చల్లని దేశంలో చేసే పనిలో ఇక్కడ 71 శాతం మాత్రమే చేయగలదు. పారడైజ్ కూడలిలో వాహనాల రద్దీలో నిలబడినప్పుడు ఎదురుగాలి కూడా ఉండదు. ఫ్యాను ఒక్కటే దిక్కు. కొత్త ఇంజను పొడవు ఎక్కువై ఫ్యానుకు చోటు చాలక దాన్ని తీసివేసినవారు ఈ కూడలిలోనే ఆవిరి చూస్తారు. కొత్త ఇంజను కొలతకు తగిన రేడియేటరు, దాని చుట్టూ గాలిని మళ్ళించే తొడుగు ఇంజను ధరలోనే కలిపి లెక్కించవలసిన వస్తువులు.

ఇక చిన్నవిగా కనిపించే విషయాలు. నూనె తొట్టి లోతైన భాగం ముందున్నదా, వెనుకనున్నదా చూడవలెను. అడ్డుకమ్మికి తగిలితే తొట్టిని మార్చక తప్పదు, తొట్టితోపాటు నూనె పీల్చే గొట్టాన్నీ మార్చవలెను. పొగ గొట్టం స్టీరింగు పెట్టెను రాసుకొనరాదు. జపానులోనూ వాహనాలు రోడ్డుకు ఎడమ పక్కన నడుస్తవి, స్టీరింగు కుడివైపుననే ఉంటుంది. కాబట్టి అక్కడి ఇంజను మన కారులో ఒదగడానికి కొంత వీలు ఎక్కువ. పాత బండిలో బోల్టులు అంగుళాల కొలతవి, కొత్త ఇంజనులో మిల్లీమీటర్లవి. అంగుళంలో మూడు-ఎనిమిదో వంతు బోల్టు మందం 9.525 మిల్లీమీటర్లు, పది మిల్లీమీటర్ల నట్టును దానిపై తిప్పితే పట్టినట్లే అనిపిస్తుంది గాని మరల మాత్రం కలవదు. ఇంజను మౌంటింగులో ఇటువంటి బోల్టు ఒక్కటి ఉన్నా ప్రమాదమే. ఇంగ్లండు సంప్రదాయపు పాత కార్లలో బ్యాటరీ ధన ధ్రువాన్ని దేహానికి కలిపే ఆచారం ఉండేది. కొత్త ఆల్టర్నేటరుకు రుణ ధ్రువం కలపవలెను. ఈ ఒక్క తీగె తారుమారైతే ఆల్టర్నేటరులోని డయోడులు క్షణంలో మాడిపోతవి. 2023 నుండి మన దేశంలో ఇరవై శాతం ఇథనాలు కలిపిన పెట్రోలు వాడుకలోకి వచ్చినందున పాత రబ్బరు గొట్టాలను, వాషర్లను ఈ సందర్భంలోనే మార్చడం మేలు.

ఆపడం గూర్చి

కారును నడిపించే భాగాల మీద చూపిన శ్రద్ధలో సగమైనా ఆపే భాగాల మీద చూపరు. గతిజశక్తి వేగం వర్గాన్ని అనుసరిస్తుంది. మనుషులతో కలిపి 1500 కిలోగ్రాముల కారు గంటకు 80 కిలోమీటర్లలో పోతుంటే దాని గతిజశక్తి 370 కిలోజౌళ్ళు. 100 కిలోమీటర్లలో సుమారు 580. వేగం నాలుగో వంతు పెరిగితే బ్రేకులు మింగవలసిన వేడి సగానికి పైగా పెరిగింది. అంబాసిడరు తొలి రకాలలో నాలుగు చక్రాలకూ డ్రమ్ము బ్రేకులే. తరువాతి రకాలలో ముందు చక్రాలకు డిస్కు బ్రేకులు వచ్చినవి. అటువంటి ముందు భాగాన్ని సంపాదించడం ఇంజనును సంపాదించడం కంటె ముందు చేయవలసిన పని.

డీసెలు ఇంజను అమర్చినవారు మరొక విషయం గ్రహించవలెను. పెట్రోలు ఇంజనులో యాక్సిలరేటరు వదిలితే గాలిదారి మూసుకొనిపోయి, పిస్టన్లు శూన్యాన్ని లాగవలసి వచ్చి, ఇంజనే కారును పట్టి ఆపుతుంది. సాధారణ డీసెలు ఇంజనులో ఆ మూత లేదు, పట్టు తక్కువ. బ్రేకుకు సాయపడే సర్వో పెట్టె ఆ శూన్యంతోనే పనిచేస్తుంది గనుక, డీసెలు బండిలో దానికి ప్రత్యేకంగా వాక్యూం పంపు కావలెను. పంపు లేని డీసెలు కారు శ్రీశైలం ఘాటు దిగుతున్నదనుకొందాం. మూడు వందల మీటర్ల ఎత్తు దిగేసరికి 1500 కిలోగ్రాముల బండి 44 లక్షల జౌళ్ళ శక్తిని వదులుకోవలెను. 80 కిలోమీటర్ల వేగం నుండి పన్నెండుసార్లు వరుసగా ఆపినదానికి ఇది సమానం. పైగా ఆ డీసెలు ఇంజను పాతదానికంటె బరువైతే ముందరి టార్షను బార్లు వంగి, కారు ముక్కు కిందికి వాలి ఉంటుంది. ఆ బండిలో కుటుంబమంతా కూర్చొని ఉంటుంది.

చట్టం ఏమంటున్నది?

ఈ కారణాలన్నీ ఎరిగినందువల్లనే చట్టం ఈ పనికి హద్దు పెట్టింది. 1988 నాటి మోటారు వాహనాల చట్టంలోని 52వ విభాగం ప్రకారం, తయారీదారు నిర్దేశించిన వివరాలకు భిన్నంగా ఉండేటట్లు యజమాని వాహనాన్ని మార్చరాదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఈ అర్థాన్నే స్థిరపరచింది. వేరే ఇంధనంతో నడిచేందుకు ఆమోదం పొందిన కిట్టును అమర్చుకోవడానికి షరతులతో అవకాశమున్నది. కాబట్టి ఇంజను కొనకముందే రవాణా శాఖ కార్యాలయంలో విచారించవలెను; కొన్న తరువాత విచారించి లాభం లేదు. రిజిస్ట్రేషను పత్రంలో లేని ఇంజనుతో ప్రమాదం జరిగితే బీమా విషయంలోనూ చిక్కులు రావచ్చును.

2021లో కేంద్ర ప్రభుత్వం ప్రాచీన వాహనాలకు ప్రత్యేక నమోదు విధానం ఏర్పరచింది. మొదటి నమోదు నుండి యాభై ఏళ్ళు దాటి, ఛాసిస్, దేహం, ఇంజనులలో పెద్ద మార్పులు లేకుండా తొలి రూపంలో ఉన్న వాహనాలకే అది వర్తిస్తుంది. 1960ల నాటి అంబాసిడరులో ఇసుజు ఇంజను పెడితే వేగం వస్తుంది, ఈ అర్హత పోతుంది.

అటువంటి కారు గలవారికి మరొక మార్గమున్నది: పాత ఇంజనునే బోరు చేయించడం. అరిగిన సిలిండరును కొంచెం వెడల్పుగా తొలిచి, ఆ మేరకు పెద్ద పిస్టన్లు వేస్తారు. అంగుళంలో వెయ్యో వంతును కొలమానంగా తీసుకొని ఇరవై, ముప్పై, నలభై సైజులు అంటారు. నలభై సైజు అంటే వ్యాసంలో ఒక మిల్లీమీటరుకు కొంచెం ఎక్కువ. 73.03కు 1.02 కలిపి, 88.9 పొడవుతో లెక్కకడితే 1489 ఘన సెంటీమీటర్ల ఇంజను 1531 అవుతుంది. మౌంటింగు, క్లచ్చి, షాఫ్టు, రేడియేటరు ఏదీ మార్చనక్కరలేదు. గోడ మందం అనుమతించినంతవరకు ఇట్లా తొలుస్తారు; ఆపైన సిలిండరులో కొత్త స్లీవును దిగగొట్టి, మళ్ళీ మొదటి కొలతకే తెస్తారు.